చాపంత చోటు

డ్రిల్లు మాస్టారి పెళ్లానికి కసరత్తు చేసుకోవడానికి చోటు లేదంటే ఎవరైనా నవ్వుతారు. ఆ ఇంట్లో మాత్రం నిజంగానే లేదు. ముందుగదిలో సోఫా, దానికెదురుగా టీవీ, రెండింటి మధ్య బట్టలారేసే స్టాండు, ఆ స్టాండు కింద చిన్నదాని బొమ్మల సంసారం. సోఫాని గోడకి నెట్టి, స్టాండుని బాల్కనీలోకి మోసి, బొమ్మల్ని కాలితో పక్కకి తోస్తే చాపంత చోటు తేలుతుంది. అంతకంటే ఎక్కువ అక్కర్లేదన్నాడు మాస్టారు. తీరికలేని తల్లులకి ఆయన రాసిపెట్టిన కసరత్తు మొత్తం చాప దాటదట. పాలు పొయ్యి మీద పెట్టి మొదలుపెడితే పొంగేలోపు అయిపోతుందట.

మాస్టారు చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే తర్వాత జరిగినదాన్ని చెడ్డవాడి ఖాతాలో వేసేసి హాయిగా నిద్రపోతారు. తాగడు, అరవడు, పెళ్లాం మీద చెయ్యెత్తే రకం అసలే కాదు. స్కూలు మైదానంలో ఆయన ఈల వేస్తే స్కూలు స్కూలంతా ఒక్క మనిషిలా చేతులు పైకెత్తుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన నేరుగా రచ్చకే వెళ్లి గెలిచేశాడు. ఇంట్లో ఎవరూ పోటీ పెట్టలేదు గనక ఇంటి సంగతి ఆయనకి గుర్తే రాలేదు. సాయంత్రం జట్లకి ఆట నేర్పి చీకటిపడ్డాక వచ్చేవాడు. వచ్చాక పిల్లలిద్దర్నీ చెరో భుజం మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పేవాడు. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. పక్కింటావిడ అది చూసి, "ఎంత అదృష్టవంతురాలివే తల్లీ," అనేది. పిల్లలకి స్నానాలూ హోంవర్కులూ తిండీ అన్నీ అయిపోయిన తర్వాతే ఆ ఊరేగింపు మొదలవుతుందన్న సంగతి ఆవిడకి కనపడేది కాదు.

ఆమెది ఆంబులెన్సులో ఉద్యోగం. బండ్లుండే స్టేషన్లో అందరూ గట్టిపిండం అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఆమె బండి నడిపిన డ్రైవరు బాబాయి. లిఫ్టు లేని మేడ మీదినుంచి తలుపంత వెడల్పున్న మనిషిని గుడ్డ స్ట్రెచరులో వేసుకుని, తల వైపు తను పట్టుకుని, మలుపు మలుపుకీ గోడకి రాసుకోకుండా దింపి బండెక్కించాక, "ఇంకెవరైనా ఉన్నారా బాబాయ్ పైన?" అని అడిగిందట. ఆయన కూలబడి నవ్వి, "నువ్వు గట్టిపిండానివే అమ్మా," అన్నాడట. ఆమెకి ఆ పేరంటే ఇష్టం. ఒకసారి ఊపిరాడని ముసలాయన ఒకడు మెట్ల మధ్యలో ఆమె మణికట్టు పట్టుకుని, పడేస్తావేమోనమ్మా అన్నాడు. "నేను పట్టుకున్నా తాతా, పడవు," అంది. అలా అనగలిగిన రోజుల్లో ఆమె ఇంటికొచ్చి ఎంత అలిసినా పాడుకుంటూ గిన్నెలు తోమేది.

రెండో కాన్పు కష్టమైంది. కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. స్టేషన్‌వాళ్లు ఆమెని బండి దింపి ఫోను గదిలో కూర్చోబెట్టారు. చెవులకి తగిలించుకునే ఫోను, ముందొక తెర, వెనక్కి వాలని కుర్చీ. అవతల ఎవరో ఏడుస్తూ అడ్రసు చెబుతారు. అది రాసుకుని బండి పంపించి, వచ్చేవరకూ వాళ్లతో మాట్లాడుతూ ఉండాలి. బండి చేరగానే ఫోను తెగిపోతుంది. ఆ మనిషి బతికాడో లేదో ఈమెకి ఎవరూ చెప్పరు. మనుషులు చెవిలో ఉంటారు, చేతికి అందరు. ఫోను గదిలో చేసేవాళ్లకి అదే బాగుంటుంది, అదీ గొప్ప పనే. ఈమెకి మాత్రం అది నీళ్లలో పడ్డవాణ్ణి ఒడ్డున నిలబడి చూడటంలాగే ఉండేది. 

అలా ఉండగా, చిన్నది పరుగులు పెట్టే వయసుకొచ్చాక, బండి మీద ఒక ఖాళీ వచ్చింది. స్టేషను పెద్దమేడం పిలిచి విషయం తేల్చి చెప్పింది. "చోటు ఒకటే ఉంది. పరీక్ష పెడతాం. నెగ్గితే మళ్లీ నీ బండి నీది. లేదంటే నిన్ను ఫోను గదికే ఖాయం చేసేస్తాను. అటూ ఇటూ ఎన్నాళ్లని ఊగిస్తాం?"

ఆ సాయంత్రం ఆమె మాస్టారికి ఈ మాట చెప్పింది. ఆయన భుజం మీదున్న చిన్నదాన్ని దింపి, కాసేపు దాని జుట్టు సర్ది, ఆ తర్వాత అన్నాడు.

"ఫోను గదయితే వేళకి వచ్చేస్తున్నావుగా. బండయితే మళ్లీ వేళాపాళా ఉండదు."

"ఉండదు. నాకు తెలుసు. కానీ నాకు బండే కావాలి మాస్టారూ." మొదట్లో వేళాకోళానికి అలా పిలిచేది, తర్వాత అదే అలవాటైపోయింది. 

"అంతేనా?"

"అంతే."

"సరే మరి. నిన్ను తయారుచేసే పూచీ నాది," అన్నాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు వద్దంటాడని పొద్దుట్నుంచీ మనసులో ఎన్ని జవాబులు కూర్చుకుందో, అన్నీ వృథా అయ్యాయి. అలా వృథా అయినందుకు ఎంత సంతోషించిందో చెప్పలేం. 

మర్నాటినుంచి పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, చాప పరిచేది. ముందు బస్కీలు. తర్వాత దండేలు. ఆ తర్వాత మోచేతుల మీద ఆనుకుని ఒంటిని బల్లలా బిగించి ఉండటం. వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం ఒకటి, ఒక కాలు ముందుకేసి వెనక మోకాలు నేలకి తగిలేలా దిగడం ఇంకొకటి. మొత్తం ఐదు. మాస్టారు సోఫా చేతి మీద కూర్చుని టీ తాగుతూ, "నడుం పడిపోతోంది, ఎత్తు... మోకాలు లోపలికి రాకూడదు... ఆ, అదీ," అని సరిచేసేవాడు. నేర్పడంలో ఆయనకి వంకపెట్టడానికి లేదు. ఆయన చెయ్యి ఆనిస్తే చాలు, ఏ కండరం పనిచేయాలో దానికదే తెలిసిపోయేది.

కొన్నాళ్లకి ఒంటి బరువు చాలలేదు. "బరువు కొనుక్కోవడమెందుకు, కన్నాం కదా," అన్నాడు మాస్టారు. చిన్నది అమ్మ వీపు మీద గుర్రమెక్కినట్టు ఎక్కేది. దండేలప్పుడు దాని చేతులు అమ్మ మెడ చుట్టూ, కాళ్లు నడుం చుట్టూ ఉండేవి. బస్కీలప్పుడు పెద్దది ఎదురుగా వచ్చి అమ్మకి కరుచుకుని వేలాడేది. "నా వంతు! నా వంతు!" అని కొట్టుకునేవాళ్లు. ఇద్దరూ అలా ఉడుముల్లా పట్టుకుంటే ఆమె చేతులతో పట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. చేతులు ఖాళీగా చాపి లేచేది, కూర్చునేది. పాలు ఒక్కోరోజు పొంగిపోయేవి. పోతే పోనీ అనుకునేది. కాన్పు తర్వాత తనది కాదనిపించిన ఒళ్లు మళ్లీ తన మాట వింటోంది. 

"ఇవి చాలా మాస్టారూ?" అని అడిగేది అప్పుడప్పుడూ.

"చాలు, చాలు," అనేవాడు.

ఆ రోజుల్లో మాస్టారు మారిపోయాడని కూడా చెప్పాలి. ఎన్నడూ లేనిది బజారుకి తోడొచ్చేవాడు. ఒకసారి సంచులు మోసుకొస్తూ ఆమె మెట్ల దగ్గర ఆగి, వేళ్లు విదిలించుకుంది. అవి ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. మాస్టారు ఆ వేళ్లు చూశాడు. అప్పట్నుంచి సంచి ఆమె చేతికివ్వలేదు. నీళ్ల బిందె కూడా తనే దించేవాడు. "కసరత్తు చేసే మనిషి ఒళ్లు అలవనివ్వకూడదే," అన్నాడు. ఆమె స్టేషన్‌కి వెళ్లి డ్రైవరు బాబాయితో, "మా ఆయనకి దేవుడు ఇన్నాళ్లకి బుద్ధిచ్చాడు బాబాయ్," అని చెప్పుకుంది. ఆయన, "ఎందుకైనా మంచిది, దిష్టి తీయించమ్మా," అని నవ్వాడు.

పరీక్ష రోజు వచ్చింది. స్టేషను వెనక శిక్షణకి కట్టిన మేడ ఒకటుంది. గదులు లేవు, వరసగా మెట్లూ మలుపులే. దాని పైఅంతస్తులో ఇసుక కుక్కిన మనిషిబొమ్మ పడుకుని ఉంటుంది. దాన్ని స్టేషన్లో అందరూ బావగారు అంటారు. ఎందుకంటే ఎప్పుడూ పడుకునే ఉంటాడు, వేలు కూడా కదపడు, అయినా ఊరంతా కలిసి మోయాలి. ఇద్దరు కలిసి బావగారిని గుడ్డ స్ట్రెచరులో వేసుకుని, మధ్యలో ఎక్కడా దించకుండా కిందికి తీసుకురావాలి. స్ట్రెచరుకి చక్రాలూ కర్రలూ ఉండవు. దళసరి గుడ్డ, దానికి పట్టుకునేందుకు పట్టీలు, అంతే.

బావగారి కంటే ముందు మామూలు కసరత్తులు పెట్టారు. దండేల్లో ఆమెని చూసి, పోటీకొచ్చిన కుర్రాడే "అబ్బో అక్కా!" అన్నాడు. మెట్లెక్కి దిగడంలో ఊపిరి చెదరలేదు. పెద్దమేడం మొహంలో కూడా సంతోషం కనిపించింది. డ్రైవరు బాబాయి కాళ్ల వైపు పట్టుకున్నాడు, ఆమె తల వైపు పట్టుకుంది. లేవగానే తెలిసింది, కాళ్లు బాగున్నాయి, నడుం బాగుంది. తన ఒళ్లు తను గుర్తుపట్టింది. మొదటి మలుపు నవ్వుకుంటూ దాటింది.

రెండో మలుపు దగ్గర వేళ్లు మండాయి. కాళ్లలో బలం అలాగే ఉంది. గుండె అదరడం లేదు. వేళ్లు మాత్రం మండి, మొద్దుబారి, పరాయివాళ్ల వేళ్లయిపోయాయి. బావగారు మెడ చుట్టూ చేతులు వేయలేదు. నడుం చుట్టూ కాళ్లు వేయలేదు. ఎక్కడా పట్టుకోని బరువు ఎంత బరువో అప్పుడు జ్ఞాపకం వచ్చిందామెకి. ఒకప్పుడు రోజూ అదే మోసేది. రోజూ మోస్తున్నప్పుడు వేళ్లున్నాయన్న సంగతి కూడా తెలిసేది కాదు. "బాబాయ్, ఆగు," అందామనుకుంది, కానీ ఆగితే దించినట్టే. పళ్లు బిగించి నాలుగడుగులు వేసింది. ఆమె ఒప్పుకోకుండానే, ఆమెని అడక్కుండానే వేళ్లు విచ్చుకున్నాయి. బావగారి తల మెట్టు అంచుకి కొట్టుకుని, ఇసుక ధబ్బుమంది.

 పెద్దమేడం పై మెట్టు మీద నిలబడి ఉంది. "కాళ్లు బావున్నాయి, ఊపిరి బావుంది," అంది మెల్లగా. "చేతులేవమ్మా? చేతులు ఇంట్లో పెట్టొచ్చావా?" ఆవిడ కసిరితే బాగుండేది. బాధపడుతూ అడిగింది.

చోటు కుర్రాడికి దక్కింది. ఆమెకి ఫోను గది ఖాయమైంది.

ఆ సాయంత్రం మాస్టారు జట్లని కూడా మానుకుని ఇంట్లో ఉన్నాడు. పిల్లలకి ఐస్‌క్రీము తెచ్చాడు. ఆమె తల నిమిరాడు. "పోనీలేవే. అన్నీ మన చేతుల్లో ఉంటాయా," అన్నాడు. ఆమె ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడిచింది. ఇద్దర్ని కని తన చేతులు పోగొట్టుకున్నానని ఏడిచింది. తప్పు తన ఒంటిదే అనుకుంది. ఆ మాట ఆమె పైకి కూడా అంది, "నా ఒళ్లే నన్ను మోసం చేసింది మాస్టారూ," అని. ఆయన తల నిమురుతూనే ఉన్నాడు.

రోజులు గడిచాయి. ఫోను గది వేళల్లో ఇల్లు గాడిన పడింది. ఎవరేమన్నా, అది నిజం. చిన్నది పొద్దున్నే అమ్మ కొంగు పట్టుకుని ఏడవడం మానేసింది. పెద్దదానికి లెక్కలు దారిన పడ్డాయి. ఆమె కసరత్తు కూడా మానలేదు. ఎందుకు చేస్తోందో ఆమెకే తెలీదు, అలవాటైంది గనక చేసేది. చాప, పాలు, ఐదు కసరత్తులు, వీపు మీద చిన్నది.

అదే సమయంలో మాస్టారి కసరత్తుకి స్కూల్లో పేరొచ్చింది. ఎవరో టీచరు చేసి బాగుందంది, ఆవిడ ఇంకొకరికి చెప్పింది. తల్లిదండ్రుల సమావేశం రోజున అందరికీ నేర్పమని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. మాస్టారు ఆ వారమంతా అద్దం ముందు నిలబడి మాట్లాడాడు. "మీరందరూ రండి. మీరు లేకపోతే ఎలా?" అని పెళ్లాం పిల్లల్ని కూడా బయల్దేరదీశాడు.

స్కూలు హాల్లో కుర్చీలు గోడకి చేర్చి చాపలు పరిచారు. ఆఫీసు బట్టల్లో వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, సాక్సు చిరుగులు కనపడకుండా కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఈమె పిల్లలతో వెనక వరసలో కూర్చుంది. మాస్టారు మెడలో ఈలతో ముందుకొచ్చాడు. "తీరిక లేదనకండి. పాలు పొయ్యి మీద పెట్టి మొదలుపెట్టండి, పొంగేలోపు అయిపోతుంది. బరువులు కొనక్కర్లేదు, మీరు కన్న బరువులు చాలు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. మాటకారే, కాదనలేం.

తర్వాత ఆమెని పిలిచాడు. "మా ఇంటావిడ. ఇద్దరు పిల్లల తల్లి, పైగా ఉద్యోగం. చూడండి మీరే." ఆమెకి ఇష్టం లేదు. అంతమందిలో కాదనడం ఎలాగో తెలీక లేచింది. చిన్నది పరిగెత్తుకొచ్చి వీపెక్కింది. ఐదూ చేసి చూపించింది. నడుం జారలేదు, మోకాలు వంకరపోలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ, "మాస్టారి చేతిలో పడితే ఎవరైనా ఇలా అవుతారు," అంది పక్కావిడతో. చప్పట్లు ఎవరికో ఆమెకి అర్థమైంది. పోనీ, ఇల్లు బాగుంటే చాలని సర్దుకుని ఆయన పక్కనే నిలబడింది.

అప్పుడు ముందు వరసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. సన్నగా ఉన్నాడు, బ్యాంకులో పనిచేస్తాడట. "మాస్టారూ, నాదొక చిన్న సందేహం. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. లిఫ్టు లేదు. బీరువాలూ మంచాలూ నేనూ మా బావమరిదీ మెట్ల మీదనుంచి దింపాలి. అప్పటిదాకా ఇవి చేస్తే సరిపోతుందా?"

మంచి ప్రశ్న వేసిన పిల్లాణ్ణి చూస్తే మంచి మాస్టారి మొహం ఎలా వెలుగుతుందో ఆయన మొహం అలా వెలిగింది. 

"సరిపోదు సార్! బాగా అడిగారు. చూడండి, ఈ ఐదింటిలో ఉన్నవన్నీ తోసేవే. నేలని తోయగలం గానీ నేలని పట్టి గుంజలేం కదా? బరువు మోసేది నడుమూ కాళ్లూ అనుకుంటాం. కానీ మెట్ల మీద మొట్టమొదట ఓడిపోయేవి వేళ్లు. మీ కాళ్లలో ఎంత బలమున్నా వేళ్లు విచ్చుకున్నాయంటే బీరువా బావమరిది మీదే!" జనం మళ్లీ నవ్వారు. "గుమ్మానికి ఒక కడ్డీ బిగించుకుని రోజూ కాసేపు వేలాడండి. రెండు చేతుల్లో నిండు బకెట్లు పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ నడవండి. బజారు సంచులు ఎవరికీ ఇవ్వకండి, మీరే మోయండి. పిల్లల్ని ఎత్తుకుంటున్నాం కదా అనుకోకండి, వాళ్లే మనల్ని పట్టుకుంటారు, మన వేళ్లకి పనుండదు. మోతపని చేసేవాళ్లు ఎవరొచ్చినా నేను ముందు చెప్పేది ఇదే..."

అక్కడ ఆగిపోయాడు. పక్కన ఎవరున్నారో అప్పుడు గుర్తొచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు తెరిచి, మూశాడు. చెయ్యి అప్రయత్నంగా మెడలో ఈల దగ్గరికి పోయింది. 

ఆమె ఆయన వైపు చూడలేదు. బ్యాంకాయన వైపు చూసింది. "మీది అదృష్టం అన్నయ్యా," అంది. "ఒక్కసారి అడగ్గానే చెప్పారు."

భార్య మొగుణ్ణి ఆటపట్టిస్తోందనుకుని హాలంతా నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వింది.

ఇంటికి నడిచొస్తున్నంతసేపూ పిల్లలే మాట్లాడారు. మాస్టారు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఇల్లు చేరాక పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఆమె వంటింట్లోకి వెళ్లి కూర వెచ్చబెట్టింది. ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మర్చిపోయానే," అన్నాడు.

"మీరు మర్చిపోయే మాటలా అవి? ఎవరూ అందించాల్సిన పని లేకుండా గడగడా అప్పజెప్పారు."

"నిజంగా మొదట మర్చిపోయా. తల్లులకని రాసిన కసరత్తు కదా, అదే నీకిచ్చేశా."

"తర్వాత?"

ఆయన నేల చూశాడు. "తర్వాత గుర్తొచ్చింది."

"ఎప్పుడు?"

"మెట్ల దగ్గర నీ వేళ్లు చూసినప్పుడు."

ఆమె పొయ్యి కట్టేసింది. కూర మాడిపోతే పిల్లలు తినరు. "ఆ రోజునుంచే కదూ మీరు సంచులు మోయడం మొదలుపెట్టింది?"

"అది వేరు. నొప్పెడుతోందని..."

"నొప్పెడుతోందని లాక్కున్నారా, గట్టిపడతాయని లాక్కున్నారా?"

 "నాకే తెలీదే," అన్నాడు ఆయన. అబద్ధం చెబుతున్న మొహం కాదది. అబద్ధమైతే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది. కంచే చేను మేసిందని అందరితో చెప్పుకుని ఏడవొచ్చు. కంచెకే తను మేసిందో లేదో తెలీకపోతే ఎవరితో చెప్పుకుంటారు?

"నేను ఏడుస్తుంటే తల నిమిరారు," అంది. "నా ఒళ్లే నన్ను మోసం చేసిందన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా మాస్టారూ. నా చేతులు పోలేదని, వాటికి పని పెట్టలేదంతేనని. ఇన్నాళ్లూ నా చేతుల్ని నేను తిట్టుకున్నాను."

"చెబితే ఏమైపోయేది మన కాపురం?" అన్నాడు. ఆ తర్వాత ఆయనకీ ధైర్యం వచ్చింది. "ఇప్పుడు ఎలా ఉన్నామో చూడు. నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. చిన్నది ఏడుస్తోందా? పెద్దదాని చదువు బాగుపడలేదా? నలుగురం ఒక్కచోట కూర్చుని తింటున్నాం. ఇంతకుముందు ఎప్పుడైనా తిన్నామా? పిల్లలకి ఒక మనిషి ఇంట్లో ఉండాలే."

"ఉండాలి. ఆ మనిషి మీరెందుకు కాకూడదు? సాయంత్రం జట్లు మానేస్తే సరిపోయేది."

"అదెలా మానతాను? అది నా..."

"ఆ. చెప్పండి. అది మీ?"

 చెప్పాల్సిన మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. బండి సంగతికొస్తే ఆమెకీ అదే మాట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరికీ ఇంత సమానంగా ఉన్న సంగతి ఇదొక్కటే, అదీ ఇలా బయటపడింది.

"పెద్దమేడాన్ని నేనొచ్చి అడగనా? ఇంకోసారి పరీక్ష పెట్టమని?" అన్నాడు కాసేపటికి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే మొగుళ్లలో మాస్టారు మొదటివాడూ కాడు, ఆఖరివాడూ కాడు.

"ఆ చోట్లో ఒక పిల్లాడు పనిచేస్తున్నాడు. వాణ్ణి దింపేసి నన్ను ఎక్కించమంటావా?"

పెళ్లయ్యాక ఆయన్ని ఆమె ఏకవచనంలో అనడం అదే మొదలు. కోపంలో జారిన మాట కాదు. ఆమె అరవడం లేదు. కూర గిన్నె మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయన మొహంలోకి చూసి చెప్పింది.

"నువ్వు నన్ను అడిగుంటే పోట్లాడేదాన్ని. రెండ్రోజులు అన్నం మానేసేదాన్ని. ఆఖరికి పిల్లల మొహం చూసి, సరేలే అని నేనే ఫోను గదికి ఒప్పుకునేదాన్నేమో. ఒప్పుకునుంటే ఆ త్యాగమన్నా నాదయ్యేది. జీవితమంతా నిన్ను దెప్పుకుంటూ సుఖంగా బతికేదాన్ని. లేదూ, ఒప్పుకోకపోయేదాన్నేమో. నేనెలాంటిదాన్నో తెలిసేది. ఇప్పుడు అది నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇంకెప్పటికీ తెలీదు."

మాస్టారు ఏదో అనబోయాడు. ముందుగదిలోంచి చిన్నది, "అమ్మా, ఆకలి!" అని కేకేసింది. ఆమె కంచాలు తీసింది. ఆయన నీళ్లు పట్టుకొచ్చాడు. పెద్దది సమావేశంలో ఎవరి సాక్సుకి ఎంత చిరుగుందో అభినయించి చూపిస్తుంటే, చిన్నది నవ్వి నవ్వి పొలమారింది. ఆమె దాని వీపు తట్టింది. నలుగురూ ఒక్కచోట కూర్చుని తిన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.